పెద్దకర్మ తర్వాత



చిన్న ఊళ్ళో చావు కబురు చేరవెయ్యడానికి మనిషిని పురమాయించక్కర్లేదు. తెల్లవారుజామున ఒకింట్లోంచి ఏడుపు వినిపిస్తే వీధి వీధంతా లేచి కూర్చుంటుంది. పాలు పోసే అబ్బాయి పక్క వీధిలో చెబుతాడు. మసీదు మైకులో ప్రకటన వస్తుంది, లేదా చర్చి గంట వేళ కాని వేళ మోగుతుంది. కొన్ని ఊళ్ళలో ఆటోకి మైకు కట్టి, ఫలానావారు కాలం చేశారు, అంత్యక్రియలు ఫలానా వేళకి అని చెప్పుకుంటూ తిరుగుతారు. ఇప్పుడైతే వీటన్నిటికంటే ముందు వాట్సాప్ స్టేటస్‌లోకి ఫొటో ఎక్కుతోంది. మధ్యాహ్నానికల్లా సెంటర్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వెలుస్తోంది.

కబురు అందాక ఊరు ఏం చేస్తుంది, ఎన్నాళ్ళు చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఈ మూడు సంగతులూ ఇవాళ మీతో మాట్లాడతాను.

మనిషి పోయిన ఇంట్లోవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచదు. బీరువా తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుకు రాదు. సరిగ్గా అప్పుడే వంద పనులు మీద పడతాయి. దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ పెట్టె తెప్పించాలి. షామియానా వెయ్యాలి, కుర్చీలు దింపించాలి, వెదురు బొంగులు కొట్టించాలి, కట్టెలు చూడాలి. పురోహితుడికో, పాస్టరుగారికో, మౌల్వీ సాబుకో చెప్పాలి. ఇవేవీ ఆ ఇంటివాళ్ళు ఆ పూట చేసుకోగలిగిన పనులు కావు.

అప్పుడు ఊరు పూనుకుంటుంది. వచ్చినవాళ్ళు "ఏమైనా సాయం కావాలా?" అని అడగరు. అడిగితే ఎవరైనా "ఏం వద్దండీ" అనే అంటారు. అడిగినాయన తన బాధ్యత తీరిందనుకుని వెళ్ళిపోతాడు. అందుకని ఎవరికి చేతనైన పని వాళ్ళు అందుకుంటారు. టెంట్‌హౌస్ ఆయన అద్దె మాట ఎత్తకుండా కుర్చీలు పంపేస్తాడు. ఎదురింటావిడ పిల్లల్ని తీసుకుపోయి స్నానాలు చేయించి, ఇన్ని ఇడ్లీలు పెడుతుంది. పక్క చేను రైతు ఆ పూటకి వాళ్ళ గేదెల పాలు పితికిస్తాడు. పాడె కట్టడం తెలిసిన పెద్దాయన ప్రతి పేటలోనూ ఒకడుంటాడు. ఆయన్ని ఎవరూ పిలవరు, తనే పురికొస పట్టుకుని వచ్చేస్తాడు. లెక్కాడొక్కా తెలిసిన ఇంకొకాయన నోటుపుస్తకం తీసి కట్టెలకింత, పూలకింత, బండికింత అని రాసుకుంటూ తన జేబులోంచే ఇస్తుంటాడు. ఆ లెక్క అప్పజెప్పేది కర్మలన్నీ అయ్యాకే.

శవయాత్ర బజారు మీదుగా వెళ్తుంటే కొట్లవాళ్ళు షట్టరు సగానికి దించుతారు. పోయినాయన ఆటో నడిపేవాడైతే ఆ పూట స్టాండులో బళ్ళు కదలవు. వర్తకుడైతే వర్తక సంఘం కొట్లు కట్టేయిస్తుంది. ఇవన్నీ ఎవరో రాసిపెట్టిన నిబంధనలు కావు. కానీ ఊళ్ళో పెరిగినవాడికి తన వంతు ఏదో తెలుసు.

లోపల ఆడవాళ్ళు చేసే పని వేరు. వచ్చినావిడ వచ్చినట్టు ఇల్లాలిని కావలించుకుని, పోయినాయన చేసిన మంచి ఎత్తి ఎత్తి ఏడుస్తుంది. "నా కూతురి పెళ్ళికి అడక్కుండా బియ్యం బస్తా దింపించావే అన్నయ్యా" అని ఒకావిడ. "వరదలొచ్చిన ఏడు మా ముసలమ్మని భుజానేసుకుని మోశావే బాబాయ్" అని ఇంకొకావిడ. పైకి ఒకటే ఏడుపులా ఉంటుంది గానీ చెవిపెట్టి వింటే అందులో ఒక మనిషి జీవిత చరిత్ర ఉంటుంది. సొంత కొడుకులకి తెలియని సంగతులు ఆ శోకాల్లో బయటపడతాయి. చదువుకున్నవాళ్ళం ఇది మోటు అనుకుని మానిపించి, రెండు నిమిషాల మౌనం తెచ్చుకున్నాం. ఆ రెండు నిమిషాల్లో పోయినాయన గురించి కొత్త సంగతి ఒక్కటీ ఎవరికీ తెలియదు.

ఇక తిండి. చావింట్లో పొయ్యి వెలిగించరు. దానికి మైల అని పేరు పెట్టినా, జరిగే మేలు మాత్రం ఆ ఇంటి ఇల్లాలు వండక్కర్లేకపోవడం. వియ్యాలవారి నుంచో పక్కింటి నుంచో అన్నం, పప్పు, చారు క్యారేజీల్లో వస్తాయి. తినమని బతిమాలి, దగ్గర కూర్చుని తినిపించి, ఖాళీ గిన్నెలు తీసుకుపోతారు. ముస్లిం ఇళ్ళలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ప్రవక్త తన దాయాది జాఫర్ మరణవార్త విన్నప్పుడు, ఆ ఇంటివాళ్ళకి భోజనం వండి పంపమన్నారని హదీసు చెబుతుంది. అందుకే మన పట్టణాల్లో ఇప్పటికీ మూడు రోజులపాటు ఇరుగుపొరుగే భోజనాలు పంపుతారు. జనాజాకి భుజం ఇవ్వడం పుణ్యమని దారిన పోయేవాడు సైతం నాలుగు అడుగులు మోసి వెళ్తాడు. క్రైస్తవుల్లో భూస్థాపన అయ్యాక ఆదరణ కూడిక పెడతారు. సంఘమంతా ఆ ఇంటి ముందు కూర్చుని పాటలు పాడి, వాక్యం చదివి, పోయినవారి గురించి తెలిసింది ఒక్కొక్కరే లేచి చెబుతారు.

మూడో రోజు సంగతి చూడండి. తెలంగాణలో పిట్టకు పెట్టడం అంటారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా అందరూ ఎదురుచూస్తారు. కాకి రాకపోతే పోయినాయన మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. అప్పుడు అన్నో తమ్ముడో ముందుకొచ్చి, "నీ బిడ్డ పెళ్ళి మేం చేస్తాం, నువ్వు బెంగపెట్టుకోకు" అని దండం పెట్టి చెబుతాడు. కాకి నమ్మకం మీకు ఉన్నా లేకున్నా, పదిమంది ఎదుట ఒక మాట బయటికొచ్చింది. రేపు ఆ మాట తప్పితే అడగడానికి ఊరంతా సాక్షి.

కర్మలు పూర్తయ్యాక నిద్ర చేయించే ఆచారం ఒకటుంది. దుఃఖంలో ఉన్న మనిషిని ఆ ఇంట్లోంచి బయటికి తెచ్చి, ఒక రాత్రి బంధువుల ఇంట్లోనో గుళ్ళోనో పడుకోబెడతారు. పన్నెండు రోజులుగా ఖాళీ మంచాన్ని చూస్తూ కూర్చున్న మనిషికి ఆ ఒక్క రాత్రి గోడలు మారడం ఎంత అవసరమో అనుభవించినవాళ్ళకి తెలుసు.

ఓదార్పుని మాటకారితనానికి వదలకుండా, పనులుగా విడగొట్టి అందరికీ పంచడమే మన ఊళ్ళు చేసిన తెలివైన పని. పాడె కట్టేవాడికి మాట్లాడటం రాకపోవచ్చు. అన్నం తెచ్చినావిడకి ఏం చెప్పి ఊరడించాలో తెలియకపోవచ్చు. తెలియక్కర్లేదు. చేతిలో పని ఉంటే చాలు.

అయితే ఈ ఏర్పాటులో తప్పులూ ఉన్నాయి. అవి చెప్పకుండా పొగిడితే ప్రసంగం సగమే అవుతుంది.

మొదటిది కులం. డప్పు కొట్టేవాళ్ళూ, కాటి దగ్గర కట్టెలు పేర్చేవాళ్ళూ, చావింటి బట్టలు ఉతికేవాళ్ళూ ఊరి దుఃఖాన్ని తరతరాలుగా మోశారు. వాళ్ళకి ఆ పని కాదనే వీలు ఉండేది కాదు. వాళ్ళింట్లో చావు జరిగితే మాత్రం ఊరు కదలలేదు. ఇప్పటికీ కులానికొక శ్మశానం ఉన్న ఊళ్ళున్నాయి. పాతిపెట్టడానికి జాగా లేక, ఉన్నా దానికి దారి లేక దళితులు శవంతో రోడ్డు మీద కూర్చున్న వార్తలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. తెలంగాణలో పల్లెపల్లెకీ వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టారు. కట్టడం ప్రభుత్వం చెయ్యగలదు. అందరినీ అక్కడికి రానివ్వడం ఊరే చెయ్యాలి.

రెండోది భర్త పోయిన స్త్రీ. అందరి ఓదార్పూ అవసరమైన మనిషిని పదో రోజున కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, ఆపైన శుభకార్యాల్లో ఎదురు రావద్దంటారు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. గాజులు పగలగొట్టే తంతు మాత్రం చాలా ఇళ్ళలో నేటికీ ఆగలేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ అనే ఊరు 2022 మేలో గ్రామసభ పెట్టి, ఇలాంటి ఆచారాలు తమ ఊళ్ళో ఇక ఉండవని తీర్మానించింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అదే బాట పట్టమంది. మన పంచాయతీలకీ గ్రామసభలున్నాయి.

మూడోది ఖర్చు. పెద్దకర్మ భోజనాలు పెళ్ళి భోజనాలతో పోటీ పడుతున్నాయి. ఆస్పత్రి బిల్లు కట్టడానికే చెయ్యి చాచిన ఇల్లు, నలుగురూ ఏమనుకుంటారోనని వెయ్యి విస్తళ్ళు వేసి మళ్ళీ అప్పు చేస్తుంది. పరువు పేరుతో ఆ బరువు వేసేదీ ఊరే. దాన్ని దింపగలిగేదీ ఊరే. వంద మందికి చాలు అని పెద్దమనిషి ఒక్కడు గట్టిగా అంటే ఆ ఇల్లు గట్టెక్కుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెద్దకర్మ అయింది. షామియానా విప్పారు. చుట్టాలు బస్సెక్కారు. పదమూడో రోజు పొద్దున ఆ ఇంటికి ఎవరు వస్తారు?

పాత లెక్కలో దీనికీ కొంత ఏర్పాటు ఉంది. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇస్తారు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెడతారు. నవంబరు 2న క్రైస్తవ సమాధుల తోటలు పూలతో, కొవ్వొత్తులతో నిండిపోతాయి. పోయినవారిని తలుచుకోవడానికి పంచాంగంలో రోజులున్నాయి. ఉన్నవారిని పలకరించడానికి మాత్రం పెద్దకర్మ తర్వాత ఎవరికీ ఏ పనీ పంచిపెట్టలేదు. ఊరు ఆగిపోయేది అక్కడే. దుఃఖం పూర్తిగా తెలిసొచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

అక్కడ ఆగకుండా సాగిన సాయానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచేసింది. సుమారు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. ఇంకా చాలా ఎక్కువేనని అక్కడివాళ్ళ మాట. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో ఇల్లిల్లూ చావిల్లే. ఎవరు ఎవరికి వండి తీసుకెళ్తారు? అప్పుడు రాష్ట్రం మొత్తం ఆ సీమకి పక్కిల్లు అయింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన స్వచ్ఛంద సేవకులు, ముఖం తెలియనివాళ్ళ శవాలకి దహనాలు చేశారు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పునరావాసాన్ని భుజాన వేసుకున్నారు. రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలు ఇళ్ళు కట్టించాయి. ఆ సాయం పెద్దకర్మతో ఆగలేదు, ఏళ్ళ తరబడి సాగింది. ఎందుకంటే నష్టం ఎంతో అందరికీ కంటికి కనిపిస్తోంది. ఒక్క ఇంట్లో ఒక్క మనిషి పోయినప్పుడు జరిగే నష్టం వీధిలోకి కనిపించదు. తలుపు మూసుంటుంది, అంతే.

అందుకని పెద్దకర్మ తర్వాతి పనులు కూడా మనం పంచుకోవాలి. నాకు తోచిన నాలుగు చెబుతాను.

మొదటి పని కాగితాలు. ఈ రోజుల్లో మనిషి పోతే పాడె ఎంత అవసరమో కాగితం అంత అవసరం. మరణం జరిగిన 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. దాటితే రుసుములూ అనుమతులూ మొదలవుతాయి. ఆ ధ్రువపత్రం లేకపోతే బ్యాంకు ఖాతా కదలదు, పింఛను మారదు, పొలం పేరు మారదు. పోయినవారి పాస్‌బుక్కు తెరిచి చూడండి. ఏడాదికోసారి 436 రూపాయలు కోసినట్టుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, కుటుంబానికి 2 లక్షలు రావాలి. 20 రూపాయలు కోసినట్టుంటే అది ప్రమాద బీమా. తెలంగాణలో పోయినాయన పట్టాదారు రైతై, వయసు 18 నుంచి 59 లోపైతే, 2018లో మొదలైన రైతు బీమా కింద 5 లక్షలు వస్తాయి. ఇవి ఉన్నట్టే తెలియక వదిలేసుకునే ఇళ్ళున్నాయి. ఆ ఇల్లాలికి ఆఫీసుల చుట్టూ తిరగడం తెలియదు. మీరు రిటైరైన గుమస్తానో, టీచరో, బ్యాంకు ఉద్యోగో అయితే ఇది మీ వంతు. ఫైలు చంకన పెట్టుకుని ఆమె వెంట వెళ్ళండి.

రెండో పని జీవనం. పోయినాయన కొట్టు నడిపేవాడైతే, ఆ కొట్టు మళ్ళీ తెరిచేదాకా తోటి వర్తకులు సరుకు అరువు ఆపకూడదు. పొదుపు సంఘంలో ఒకావిడ భర్త పోతే, రెండు మూడు నెలల కిస్తీ మిగతా సభ్యులే సర్దుకునే సంఘాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అన్ని సంఘాలూ దాన్నొక పద్ధతిగా రాసిపెట్టుకోవచ్చు. పదో తరగతి కలిసి చదివిన స్నేహితులు వాట్సాప్ గ్రూపులో చందాలు పోగుచేసి, పోయిన మిత్రుడి పిల్లల పేరున బ్యాంకులో డిపాజిట్ చేస్తున్నారు. ఇది ఈ కాలం కనిపెట్టిన మంచి ఆచారం. పాత ఆచారాలకి ఏ మాత్రం తీసిపోదు.

మూడో పని ఒంటరి పెద్దవాళ్ళు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. తండ్రి పోతే వచ్చి, ఉన్న సెలవంతా వాడుకుని, తల్లిని వదల్లేక వదిలి వెళ్తారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. ఆ తల్లి ఇంటి తలుపు పొద్దున్నే తెరుచుకుందా లేదా చూడటం ఎదురింటివాళ్ళ పని. సాయంత్రం గుడికి వెళ్తూ "పిన్నిగారూ, వస్తారా?" అని పిలవడం పక్కింటావిడ పని. భార్య పోయిన మగవాడి సంగతి ఇంకా కనిపెట్టి చూడాలి. ఆయన ఏడవడు, వంట రాదని చెప్పుకోడు, టీ బడ్డీ దగ్గరికి రావడం మెల్లగా మానేస్తాడు. ఆయన రాకపోతే బడ్డీ దగ్గరి స్నేహితులే ఆయనింటికి వెళ్ళాలి.

నాలుగో పని అన్నిటికంటే కష్టమైనది. ఇంట్లో ఎవరైనా ప్రాణం తీసుకుంటే ఊరు ఆ గడపకి దూరం జరుగుతుంది. వచ్చినవాళ్ళు కూడా ఎందుకు చేసుకున్నాడు, ఏం జరిగింది అని తవ్వుతారు. దయచేసి అడగకండి. ఆ ప్రశ్న ఆ ఇంటివాళ్ళు రాత్రీ పగలూ తమకి తాము వేసుకుంటూనే ఉంటారు. మిగతా చావిళ్ళకి ఎలా వెళ్తారో అలాగే వెళ్ళండి, అన్నం అలాగే తీసుకెళ్ళండి. ఎవరైనా నిద్ర లేక, తిండి మానేసి, బతుకు మీద విరక్తితో మాట్లాడుతుంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. నంబరు రాసుకోండి: 14416. మరోసారి, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

చివరిగా ఒక మాట. పలకరించడానికి వెళ్ళినవాళ్ళు పోయినవారి పేరు ఎత్తడానికి భయపడతారు. గుర్తుచేస్తే బాధపడతారేమోనని సినిమాల గురించీ ఎండల గురించీ మాట్లాడి వచ్చేస్తారు. వాళ్ళు మరిచిపోతే కదా మనం గుర్తుచెయ్యడానికి! పేరెత్తండి. ఆయనతో మీకున్న ఒక జ్ఞాపకం చెప్పండి. వింటూ ఏడిస్తే ఏడవనివ్వండి.

శ్రోతలారా, ఈ ఆరు నెలల్లో మీ వీధిలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఏదో మీకు తెలుసు. ఈ ఆదివారం ఆ ఇంటికి వెళ్ళండి. ఏం కావాలని అడగకుండా, అక్కడ మీకు చేతనైన పని ఒకటి చూసి చేసిపెట్టండి. వచ్చే నెల మళ్ళీ వెళ్ళండి.